నచ్చలేదని చెప్పడం తప్పా? మొన్నటి ఆదివారం గొడవ

మారతహళ్లి మోనో:
తలా ఒక మాట అంటున్నారు కాబట్టి జరిగింది నేనే రాస్తున్నా. నెలకోసారి బెంగళూరులోని మా ఫ్లాట్‌లో ఆరేడుగురం తెలుగువాళ్లం సింథ్‌లు (కరెంటుతో సౌండ్ పుట్టించే వాయిద్యాలు), డ్రమ్ మెషిన్లు మోసుకొచ్చి వాయించుకుంటాం. ఈసారి కొత్తగా ఒక కుర్రాడు వచ్చాడు. లాప్‌టాప్ తెరిచి, ఏబుల్టన్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్ లూపులు, అంటే తిరిగి తిరిగి మోగే సౌండ్ ముక్కలు, నాలుగు పేర్చి పావుగంట వినిపించాడు. ఎలా ఉందన్నా అని అడిగాడు. "ఇందులో నువ్వు చేసిందేముంది, ప్లే బటన్ నొక్కడమేగా" అన్నాను. కాఫీ కూడా తాగకుండా బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. రాత్రికి వాట్సాప్ గ్రూపులోంచి కూడా తప్పుకున్నాడు.

అడిగాడు, చెప్పాను. సహనం అంటే వినిపించిన ప్రతిదానికీ తల ఊపడమా? ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ కొట్లలో పాట్‌లు, జాక్‌ల్లాంటి విడిభాగాలు ఏరుకొచ్చి, రెండు వేళ్లు కాల్చుకుని సోల్డరింగ్ చేసి నా ఫిల్టర్, అదే సౌండ్‌ను మలిచే పెట్టె, నేనే కట్టుకున్నా. నాబ్ తిప్పుతుంటే సౌండ్ నోరు తెరిచినట్టు మారుతుంది చూడండి, అది అలవాటైన చెవికి లాప్‌టాప్‌లో మౌస్‌తో గీత గీసి మార్చిన సౌండ్ చప్పగానే ఉంటుంది. ఇది నా టేస్టు. ఎవరికోసమూ మార్చుకోను.

పాత బీటు:
టేస్టు మార్చుకోమని ఎవరన్నారన్నా? చప్పగా ఉందని అనుంటే వాడు ఇంకో కప్పు కాఫీ తాగి వెళ్లేవాడు. నువ్వు ఏకంగా వాడు చేసిందేమీ లేదని తేల్చేశావు.

నువ్వు దేవుడి పటంలా తుడిచి పెట్టుకుంటావే 303 క్లోను, అది ఏ బేస్ సింథ్‌కి నకలో ఆ అసలు 303 కథ నీకు తెలియనిదా? రోలాండ్ వాళ్లు 1981లో దాన్ని తెచ్చింది బేస్ గిటార్ వాయించే తోడు లేనివాళ్ల కోసం. అది గిటార్‌లా మోగితే ఒట్టు. 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికితే షికాగో కుర్రాళ్లు దాని నాబులు ఇష్టమొచ్చినట్టు తిప్పి యాసిడ్ హౌస్ అనే డాన్స్ మ్యూజిక్ పుట్టించారు. అంతకుముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెతో, 808 డ్రమ్ మెషిన్‌తో పది రాగాలు డిస్కో బీటు మీద రికార్డు చేశాడు. అప్పుడు పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. ఆ రోజుల్లో బేస్ గిటార్ వాయించేవాడెవడైనా ఆ పెట్టెను చూసి ఏమనేవాడు? "నువ్వు చేసిందేముంది, మెషినే వాయిస్తోందిగా" అనేవాడు!

ఊరికే విన్నా:
ఆ రోజు నేనూ ఉన్నా. మూడో నిమిషం తర్వాత పాటలో ఏమీ మారలేదు, అదీ దాని జబ్బు. ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. లాప్‌టాప్ మీద పడ్డారు. మన వెనకింటి మాడ్యులర్ సింథ్ అన్నయ్య నలభై నిమిషాలు ఒకే డ్రోన్, అంటే ఆగకుండా సాగే ఒకే స్వరం, మోగిస్తే మాత్రం అందరం కళ్లు మూసుకుని వింటాం.

మల్లేశ్వరం శ్రుతి:
నాకు మీ మెషిన్ల పేర్లు తెలియవు, మా అత్త సంగతి చెప్తా. పాతికేళ్లుగా సంగీతం నేర్పుతోంది. ఇంట్లో తంబురా మూలన పడుంది, క్లాసంతా ఎలక్ట్రానిక్ తంబురాతోనే నడుస్తుంది. ఈ ఊరి రాడెల్ కంపెనీ వాళ్లదే. తీగ మీటే మనిషి లేకుండా శ్రుతేమిటని వాళ్ల గురువుగారు కోప్పడేవారట. అదే అత్త నేను కీబోర్డులో తాళం పెట్టి పాడితే, "యంత్రాలతో సంగీతమేమిటే" అంటుంది. తనకు అవసరమైన పెట్టె వరకూ సంగీతం, ఆ పక్క పెట్టె నుంచి యంత్రం.

మారతహళ్లి మోనో:
అత్తగారి దెబ్బ గట్టిగానే తగిలింది.

పాత బీటు:
ఇదీ విను. పోయిన నెల నీకు ఒకే బేస్‌లైన్ రెండు క్లిప్పులు పంపా, గుర్తుందా? "మొదటిది హార్డ్‌వేర్, ఎంత వార్మ్‌గా ఉందో" అన్నావు. అది ప్లగిన్, లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ సింథ్. మనసు కష్టపెట్టుకుంటావని ఇన్నాళ్లూ చెప్పలేదు.

మారతహళ్లి మోనో:
ఆ ఫైళ్లు ఇప్పుడే కొలిచి చూశా. మొదటిది రెండు డెసిబెల్స్ ఎక్కువుంది. కాస్త గట్టిగా మోగేది ఎవరి చెవికైనా మెరుగ్గానే వినిపిస్తుంది, అది పరీక్షే కాదు. లెవెల్ సమానం చేసి, పేర్లు దాచి, ఇంటావిడ చేత ప్లే చేయించా. పదిసార్లలో ఆరుసార్లు కరెక్ట్ చెప్పా.

ఊరికే విన్నా:
బొమ్మా బొరుసూ వేసినా ఐదొస్తాయి గురూ.

మారతహళ్లి మోనో:
తెలుసులేవయ్యా. ఆ అబ్బాయికి మెసేజ్ పెట్టా. లూపులు నాకు ఇప్పటికీ నచ్చలేదనే రాశా, అబద్ధం నా వల్ల కాదు. కానీ మూడో నిమిషం దగ్గర బీటు తీసేసి, నీ సౌండ్‌ను నా ఫిల్టర్‌లోంచి పంపి చూద్దాం, వచ్చే నెల కేబుల్ నేనే తెస్తా అన్నా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.