పెళ్లిలో డబ్బు ఇవ్వం, ‘చదివిస్తాం’. ఎందుకు?

మొన్న ఒక పెళ్లిలో పక్కన కూర్చున్న పెద్దాయన "ఎంత చదివించావు బాబూ?" అన్నారు. వందసార్లు విన్న మాటే, ఆ రోజెందుకో పట్టుకుంది. గుడికి చందా ఇస్తాం, కూలి ఇస్తాం. పెళ్లిలో మాత్రం ‘ఇచ్చాను’ అనం, ‘చదివించాను’ అంటాం. ప్రేరణార్థకం. అంటే డబ్బు చేతిలో పెట్టేస్తే పని తీరలేదు, దాన్ని ఇంకొకరి చేత పైకి చదివించాలి. "ఫలానా ఊరు, ఫలానావారు, అయిదు వందల పదహార్లు" అని మైకులో పందిరంతా వినపడాలి.

అంకె ఎంతన్నది ఆ వినపడటమే తేలుస్తుందని నా అనుమానం. మా నాన్న వంద అనుకుని ఇంట్లోంచి బయల్దేరేవారు. తోడల్లుడి పేరు మీద రెండు వందలు వినగానే చెయ్యి మళ్లీ జేబులోకి వెళ్లేది. తిరుగు బస్సు ఛార్జీలకు అమ్మ కొంగుముడి విప్పాల్సిందే. గుట్టుగా కవరులో పెట్టిచ్చే ఆచారమైతే ఆ వంద వందగానే ఉండేది కదా!

— మా దిక్కు వీటిని కట్నాలంటరన్నా. చదివించుడు కన్న ‘రాయించుడు’ అనుడే ఎక్కువ. ఒకాయన నోటుబుక్కు పట్టుకొని కూసుంటడు. ఆ బుక్కు ఏండ్లకేండ్లు దాస్తరు. రేపు వాళ్లింట్ల పెండ్లయితే తీసి చూస్తరు, మనకెంత రాయించిన్రని. గంతకన్న తక్కువ రాయిస్తే ఇజ్జత్ పోతది. అప్పు తెచ్చి రాయించినోళ్లను సూసిన.

— బాగుంది తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. మా మాటలో గొంతు ఉంది, మీ మాటలో ఖాతా ఉంది.

— మరి ఆ పదహార్లేమిటండీ?

— నిజాం సంస్థానానికి హాలీ సిక్కా అని సొంత రూపాయి ఉండేది. ఆ హాలీ సిక్కా 7 రూపాయలు బ్రిటిష్ 6 రూపాయలకు సమానం. ఆ లెక్కన బ్రిటిష్ వందకు 116 పైచిలుకు. అక్కణ్ణుంచే వచ్చిందంటారు. లెక్క కుదిరింది గానీ, నిజాం ఏలుబడిలో లేని గోదావరి జిల్లాల్లోనూ 116 ఎలా పాతుకుపోయిందో దీంతో తేలదు. నాకైతే పూర్తి నమ్మకం లేదు.

— ఇప్పుడు మండపం దగ్గర క్యూఆర్ కోడ్ పెడుతున్నారు, ఇక చదివేదెవరు సార్?

— కిరాణా కొట్లో "అయిదు వందల రూపాయలు అందాయి" అని అరిచే స్పీకరు డబ్బా ఉంటుంది చూడండి, అదొకటి తెచ్చి పక్కన పెడితే సరి.