న్యూ సౌత్ వేల్స్‌లో పాత కారు రిజిస్ట్రేషన్: హిస్టారిక్ పథకమా, క్లాసిక్ పథకమా?

సిడ్నీలో ఉంటున్నాను. 1972 నాటి హోల్డెన్ హెచ్‌క్యూ కింగ్స్‌వుడ్ కొన్నాను. పూర్తి రిజిస్ట్రేషన్ రద్దయిపోయింది. ఎప్పుడో ఆదివారం బయటికి తీసే బండికి పూర్తి రుసుము దండగ కాబట్టి, ఏడాదికి 60 రోజుల లాగ్‌బుక్ (బండి బయటికి తీసిన రోజులు రాసుకునే పుస్తకం) ఉండే రాయితీ రిజిస్ట్రేషన్ కోసం చూస్తున్నాను. ఇందులో అసలు రూపంలో ఉన్న పాత బండ్లకు హిస్టారిక్ పథకం, మార్పులు చేసినవాటికి క్లాసిక్ పథకం. గుర్తింపు ఉన్న క్లబ్బులో సభ్యత్వం తీసుకున్నాను.

చిక్కంతా ముందు బ్రేకుల దగ్గరే. పాత యజమాని డ్రమ్ము బ్రేకులు తీసేసి, తర్వాతి కాలంలో వచ్చిన హోల్డెన్ హెచ్‌జెడ్ మోడల్ డిస్కు బ్రేకులు బిగించాడు. చక్రం విప్పి చూస్తే కాలిపర్లతో (డిస్కును నొక్కి పట్టే భాగాలు) పాటు స్టబ్ యాక్సిళ్లూ (ముందు చక్రాలు తిరిగే ఇరుసు ముక్కలు) ఆ హెచ్‌జెడ్‌వే. ఇంజిన్, గేర్‌బాక్స్, సీట్లు అన్నీ అసలువే.

ఇది అసలు రూపం కాదని క్లబ్బు పరిశీలకుడు హిస్టారిక్ డిక్లరేషన్‌పై సంతకం పెట్టలేదు. హెచ్‌క్యూకు ఆ రోజుల్లోనే డిస్కు బ్రేకులు ఐచ్ఛికంగా దొరికేవని చెప్పినా వినలేదు. రిజిస్ట్రేషన్లు చేసే ప్రభుత్వ సర్వీస్ సెంటర్‌లో అడిగితే అది క్లబ్బు నిర్ణయమన్నారు. మళ్లీ డ్రమ్ములు బిగించమని ఒక సభ్యుడి సలహా. మంచి బ్రేకులు తీసి పాతవి పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇలాంటి డిస్కులున్న హెచ్‌క్యూను క్లాసిక్ పథకంలో నమోదు చేయించినవారు చెప్పండి: ఈ ఒక్క మార్పుకే లైసెన్సున్న ఇంజినీరింగ్ సర్టిఫయర్ (బండిలో చేసిన మార్పులను పరీక్షించే నిపుణుడు) ధ్రువపత్రం అడిగారా, మామూలు తనిఖీ పత్రంతో సరిపోయిందా?