వేట తావుల గుట్టు నెట్‌లో పెట్టొచ్చా?

అరండల్‌పేట పాఠకుడు:
సూర్యలంక, నిజాంపట్నం మత్స్యకార పెద్దల నోటి చరిత్రను రికార్డు చేయాలని గుంటూరులో కొందరం అనుకుంటున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. అప్పుడైతే పెద్దలు ఒడ్డునే దొరుకుతారు. ఆ రికార్డులన్నీ కత్తిరింపు లేకుండా నెట్‌లో పెట్టాలన్నది నా వాదన. అల్మరాల్లో దాచిన క్యాసెట్లు బూజు పట్టిపోయాయి. అయినా జీపీఎస్ వచ్చాక చేపలు పడే తావుల్లో ఇంకా గుట్టేముంది?

కృష్ణలంక:
ఒప్పుకోనండి. జీపీఎస్ మీరెక్కడున్నారో చెబుతుంది, చేప ఎక్కడుందో చెప్పదు. తాడిచెట్టు, దాని వెనక గోపురం ఒకే వరసలోకి వస్తే ఒక గీత. పక్కనుంచి ఇంకో జంట గుర్తులతో రెండో గీత. ఆ రెండూ కలిసేది తావు. అక్కడ తాడుకి బరువు కట్టి లోతు ఎన్ని బారలో చూస్తారు. ఏ తిథికి, ఏ గాలికి అక్కడ చందువ చేప పడుతుందో, ఎక్కడ వల చిక్కి చిరుగుతుందో తెలియడం వాళ్ల ఆస్తి. తీరానికి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న నిబంధన ఉన్నా గొడవలు ఆగడం లేదు. దారి మనమే చూపిద్దామా?

పైగా సంతకం ఒక్కసారి తీసుకుంటే చాలదు. మాట్లాడే ముందు ఒకసారి అడగాలి. రికార్డు వినిపించాక రెండోసారి అడగాలి. చాలామంది వెనక్కి తగ్గేది తమ గొంతు తాము విన్నాకే. అప్పుడు ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు అందరికీ, ఏది ఊరి వరకే, ఏది మూసి ఉంచాలి అని పట్టీ రాయాలి. పట్టీ లేకపోతే మూసి ఉంచాల్సిన ఒక్క మాట కోసం గంట రికార్డునూ దాచాల్సి వస్తుంది.

ఏటిగట్టు:
మీ ఇద్దరి వాదనా రికార్డు వినబడితేనే కదండీ. ఒడ్డున గాలి మైకుకి తగిలితే బుర్రుమనే మోత తప్ప ఏమీ మిగలదు. తర్వాత దాన్ని తీసేయబోతే మాట కూడా పోతుంది. మైకుకి బొచ్చు తొడుగు వేయండి, గోడ చాటున కూర్చోండి, కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. మే నెలలో ఫ్యాన్ ఆపితే పెద్దవాళ్లు కూర్చోలేరు కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలు (శబ్దాన్ని కుదించకుండా దాచేది) ఒకే చానెల్‌లో గంటకి 520 ఎంబీ దాకా వస్తుంది. వాట్సాప్‌లో పంపి అదే అసలు ప్రతి అనుకోవద్దు.

"ఏ సంవత్సరం?" అని అడగొద్దు. "ఉప్పెనకి ముందా, తర్వాతా?" అనండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఈ తీరమంతటికీ గుర్తు. 1990 మే తుపాను ఇంకో గుర్తు. రాసేటప్పుడు నీరు తీయడానికి వాళ్లు వాడే "పాటు"ని మీ "ఆటు"గా దిద్దారంటే, పోటూ పాటూ లెక్కలో ఆ మాటకున్న పనే పోతుంది. వల అల్లిక మాత్రం వీడియో తీయండి. వల కన్ను కొలిచే వేళ్లు ఆడియోలో కనబడవు.

అరండల్‌పేట పాఠకుడు:
రెండుసార్లు అడగడం, నిమిషాల పట్టీ ఒప్పుకుంటున్నా. తావుల గుర్తులు మూసే ఉంచుదాం. కానీ ఆ తాళం ఎవరి చేతిలో? కులపెద్ద ఒక్కరి చేతిలో పెడితే ఆడవాళ్ల మాట బయటికి రాదని నా భయం. ఎండుచేపకి ఉప్పెంత, ఏ సంతలో ఏ ధర, ఎవరికి ఎంత అప్పు అన్నది వాళ్లకే తెలుసు. దాన్ని చరిత్ర కాదంటే ఎలా?

కృష్ణలంక:
ఒక్కరి చేతిలో వద్దు. మాట ఎవరిదో తాళం వాళ్లదే. వాళ్ల తర్వాత ఎవరిదన్నది రెండో సంతకంతో పాటే రాయించాలి. ఆడవాళ్లని విడిగా, మగవాళ్లు పక్కన లేనప్పుడు అడగాలి. ప్రతులు మూడు: రెండు వేర్వేరు డిస్కుల్లో గుంటూరులో, ఒకటి ఊళ్లో. ఉప్పుగాలికి డిస్కు పాడవుతుంది కాబట్టి ఊళ్లోది మూత బిగిసే డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లంతో ఉంచి, ఆరు నెలలకోసారి తెరిచి వినాలి.