జాంబీస్ బ్యాండ్ పాటలు విన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వీళ్ళకి పేరెందుకు రాలేదు?

కీబోర్డు కుర్రాడు, బరంపురం

అందరికీ నమస్కారం. నేను బరంపురంలో ఒక మెలోడీ పార్టీలో కీబోర్డు వాయిస్తాను. ఠాకురాణీ యాత్రకి, పెళ్ళిళ్ళకి, చుట్టుపక్కల ఊళ్ళలో దసరాకి ఒడియా, హిందీ పాటలు ఎక్కువ, మనవాళ్ళున్న వీధైతే తెలుగు పాటలు కూడా. ఇంగ్లీషు పాటలతో నాకు పెద్దగా పరిచయం లేదు. అలాంటిది నెలరోజులుగా ఒకే బ్యాండ్ వింటున్నాను. పార్టీలో ఎవరికి చెప్పినా పేరే వినలేదంటున్నారు.

బ్యాండ్ పేరు ద జాంబీస్. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ అనే ఊరివాళ్ళు, స్కూలు రోజుల్లోనే కలిసిన కుర్రాళ్ళు. రాడ్ అర్జెంట్ కీబోర్డు, కాలిన్ బ్లన్‌స్టోన్ గొంతు, క్రిస్ వైట్ బేస్, పాల్ అట్కిన్సన్ గిటారు, హ్యూ గ్రండీ డ్రమ్స్.

నాకు ఎలా తగిలిందంటే, ఛత్రపురంలో ప్రోగ్రాం ముగించుకుని రాత్రి రెండు దాటాక వ్యాన్‌లో వస్తున్నాం. అందరూ నిద్రపోతున్నారు. ఫోన్‌లో ఏదో పాట అయిపోయి దానంతట అదే ఇంకోటి మొదలైంది. ముందు బేస్ గిటారు, దాని మీద ఒక చప్పట్ల దెబ్బ, వెంటనే ఎవరో నా చెవి పక్కనే ఊపిరి వదిలినట్టు ‘ఆహ్’. నిజంగానే పక్కన పడుకున్న తబలా అన్న ఏమైనా అన్నాడేమోనని తిరిగి చూశాను. అది టైమ్ ఆఫ్ ద సీజన్. మధ్యలో ఆర్గన్ వచ్చిన చోట నా వేళ్ళు ఒళ్ళో ఉన్న బ్యాగ్ మీద వాటంతట అవే కదిలాయి. వ్యాన్ బరంపురం చేరేలోపు అయిదుసార్లు విన్నాను.

తర్వాత ఆ పాట ఉన్న ఆల్బమ్ వెతికాను. ఒడెస్సీ అండ్ ఆరకిల్, 1968. పేరు చూసి మన ఒడిస్సీ నాట్యమేమో అనుకున్నాను. కాదు, గ్రీకు కావ్యం ఒడిస్సీ పేరే, కవర్ బొమ్మ వేసిన టెర్రీ క్విర్క్ అక్షరం తప్పు రాశాడు, ఆ తప్పు అలాగే అచ్చయిపోయింది.

నా ప్రశ్న ఏమిటంటే, ఇంత మంచి బ్యాండ్‌కి బీటిల్స్ పక్కన కాకపోయినా ఆ తర్వాతి వరసలోనైనా పేరు రావాలి కదా, ఎందుకు రాలేదు? మా పార్టీ వాళ్ళకి వినిపించాలంటే ఏ పాటతో మొదలుపెట్టాలి? కీబోర్డు వాయించేవాళ్ళు ఉంటే ఇంకా సంతోషం, ఈ అర్జెంట్ చేతి గురించి మాట్లాడుకోవచ్చు.

పాత రేడియో, బరంపురం

బాబూ, నీ రాత చూసి ప్రాణం లేచొచ్చింది. నాకు డెబ్బై అయిదు దాటాయి. మాది పట్టు నేసే ఇల్లు. పగలంతా మగ్గాల చప్పుడు, రాత్రి పనయ్యాక మా మేడ మీద రేడియో సిలోన్. మా పెద్దనాన్న గారి అబ్బాయి విశాఖపట్నం పోర్టులో పనిచేసేవాడు, ఒకసారి ఎవరో ఓడ మనిషి దగ్గర కొన్నానని ఒక చిన్న రికార్డు తెచ్చాడు. అది షీజ్ నాట్ దేర్. మాకు ఇంట్లో గ్రామఫోను లేదు, వీధి చివర మైక్ సెట్టు అద్దెకిచ్చే ఆయన్ని బతిమాలి ఆయన దగ్గరున్న ప్లేయర్ మీద పెట్టించాం. బేస్, డ్రమ్ము తడబడుతున్నట్టుగా మొదలవుతాయి, కానీ తడబాటు కాదు, లెక్క తప్పదు. మగ్గం మీద కూర్చునేవాడికి అది వెంటనే తెలుస్తుంది, కండె అటు వెళ్ళి ఇటు వచ్చే మధ్యలో ఒక చిన్న ఆగుడు ఉంటుంది చూడు, అలాంటిది.

ఆ పాట రాసేనాటికి అర్జెంట్‌కి పంతొమ్మిదేళ్ళు నిండలేదు. 1964లో లండన్ ఈవినింగ్ న్యూస్ పత్రిక పెట్టిన బ్యాండ్ల పోటీలో గెలిచారు, బహుమతి 250 పౌండ్లు, ఆ గెలుపుతోనే డెక్కా రికార్డు కంపెనీ పిలిచింది. అదే ఏడాది ఈ పాట అమెరికా హిట్ పాటల పట్టికలో 2వ స్థానానికి వెళ్ళింది. వాళ్ళ సొంత దేశంలో 12 దగ్గరే ఆగిపోయింది. మరుసటి ఏడాది టెల్ హర్ నో అమెరికాలో 6వ స్థానం. ఇంటి గడపలో దొరకని గౌరవం సముద్రం అవతల దొరికింది వాళ్ళకి.

నువ్వు కీబోర్డు వాడివి కనుక ఒకటి చెప్తాను. షీజ్ నాట్ దేర్ ఎ మైనర్ నుంచి డి మేజర్‌కి వెళ్ళి వస్తూ ఉంటుంది. ఆ రెండు కార్డుల (కలిపి నొక్కే స్వరాల గుంపుల) స్వరాలన్నీ విడదీసి, వాటికి బి, జి కూడా కలిపి, ఎ ని షడ్జమంగా (‘స’గా) పెట్టుకుని ఆరోహణలో వాయించి చూడు, మన కర్ణాటక రాగం ఖరహరప్రియ వస్తుంది. వాళ్ళు ఆ పేరు విని ఉండరు, సంగతి వేరు. నాకు ఆ పాట మొదటిసారి విన్నప్పుడే సొంతదిలా అనిపించడానికి కారణం అదేనని చాలా ఏళ్ళ తర్వాత మా మనవరాలు వయొలిన్ నేర్చుకుంటుంటే అర్థమైంది.

ఆల్టో అక్క, పర్లాకిమిడి

తమ్ముడూ, పేరెందుకు రాలేదనేది తర్వాత, ముందు ఆ గొంతుల గురించి మాట్లాడాలి. నేను ఇక్కడ చర్చి క్వయర్‌లో (బృందగానంలో) పదహారేళ్ళుగా ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది గొంతు పాడుతున్నాను. క్రిస్మస్‌కి ముందు నెలంతా మాకు ప్రాక్టీసు, పై గొంతు పాడే సొప్రానో వాళ్ళకి ట్యూన్ ఉంటుంది కాబట్టి సులువు, మా ఆల్టోలకి ఒకే స్వరం మీద నిలబడి పక్కవాళ్ళు లాగినా కదలకుండా ఉండటమే పని. అందుకని ఏ బ్యాండ్ విన్నా నా చెవి మధ్య గొంతు దగ్గరికే పోతుంది.

రాడ్ అర్జెంట్ చిన్నప్పుడు సెయింట్ ఆల్బన్స్ కథీడ్రల్ క్వయర్‌లో పాడినవాడు. అది తెలియకముందే నాకు అనుమానం వచ్చింది. చేంజెస్ అనే పాటలో అందరూ కలిసి పాడే చోట వినండి, గట్టిగా పాడి మెప్పించాలని ఎవరూ చూడరు. కాలిన్ బ్లన్‌స్టోన్ గొంతులో గాలి ఎక్కువ, మా క్వయర్ మాస్టారైతే ‘గొంతు తెరువు’ అని కేకేసేవారు. కానీ ఆ గాలి వల్లే మాట మనకి ఒక్కరికే చెప్తున్నట్టు ఉంటుంది. ఎ రోజ్ ఫర్ ఎమిలీలో పియానో, గొంతులు తప్ప ఇంకేమీ లేవు. డ్రమ్ము లేదు, గిటారు లేదు. ఒంటరిగా ముసలిదైపోయిన ఆడమనిషి గురించిన పాట, దానికి అంతకంటే ఏం కావాలి.

మొదటి పాట కేర్ ఆఫ్ సెల్ 44 పెట్టండి మీ వాళ్ళకి. వినడానికి ఎంత హుషారుగా ఉంటుందో. మాటలు చూస్తే, జైల్లో ఉన్న అమ్మాయికి ప్రియుడు రాసే ఉత్తరం, నువ్వు త్వరలో విడుదలై వస్తావు, గది సిద్ధం చేస్తాను అని. నేను మొదటిసారి అర్థం తెలుసుకుని విన్న రోజు వంటింట్లో పప్పు పొంగి స్టవ్ ఆరిపోయినా చూసుకోలేదు.

బల్లార్షా డ్రమ్ము

బరంపురం అన్నా, నమస్తే. నేను బల్లార్షా నుంచి, మా నాన్న పేపర్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. నేను ఇక్కడ గణపతి మండపాల దగ్గర డ్రమ్స్ వాయిస్తాను. మీ మాటతో సగమే ఒప్పుకుంటాను. ఈ బ్యాండ్‌కి అసలు పేరు రాలేదనడం సరికాదు. పెద్దాయన చెప్పినట్టు అమెరికాలో రెండు పాటలు మోగిపోయాయి. 2019లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కూడా తీసుకున్నారు. పాటలకి పేరొచ్చింది, మనుషులకే సమయానికి అందలేదు. నా బాధ అది.

లెక్క చూడండి. 1967 వేసవిలో ఆల్బమ్ రికార్డింగ్ మొదలుపెట్టారు, ఎక్కువ భాగం లండన్ అబీ రోడ్ స్టూడియోలోనే, బీటిల్స్ తమ సార్జెంట్ పెపర్ ఆల్బమ్ పూర్తి చేసి వెళ్ళిన కొద్దికాలానికే. అప్పటి రికార్డు కంపెనీ సీబీఎస్ ఇచ్చిన డబ్బు 1000 పౌండ్లు. అంత తక్కువ డబ్బుతో స్టూడియోలో కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు, అందుకని ముందే బయట బాగా రిహార్సల్ చేసుకుని వచ్చి చకచకా వాయించేశారు. అదయ్యాక స్టీరియో మిక్స్ (రెండు స్పీకర్లలో వేరువేరుగా వినిపించేలా కలపడం) కావాలని కంపెనీ అడిగితే దానికి డబ్బు లేదు, అర్జెంట్, వైట్ తమ జేబులోంచి పెట్టారు.

ఇక్కడే అసలు చిక్కు. పాటలు రాసేది ఆ ఇద్దరే. రాసినవాళ్ళకి రాయల్టీ వస్తుంది, మిగతా ముగ్గురికి షోల డబ్బే దిక్కు. ఊరూరా తిరిగి వాయించినా చేతిలో ఏమీ మిగలలేదు. కేర్ ఆఫ్ సెల్ 44 సింగిల్‌గా (విడి పాట రికార్డుగా) 1967 చివర్లో వదిలితే ఎవరూ పట్టించుకోలేదు. డిసెంబరుకల్లా బ్యాండ్ విడిపోయింది. ఆల్బమ్ బయటికొచ్చింది 1968 ఏప్రిల్‌లో, అప్పటికి బ్యాండే లేదు. బ్లన్‌స్టోన్ అంతటి గాయకుడు ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగానికి చేరాడు.

అమెరికాలో కంపెనీకి దాన్ని విడుదల చేయడమే ఇష్టం లేదు. అల్ కూపర్ అనే సంగీతకారుడు లండన్ నుంచి ఆ రికార్డు పట్టుకెళ్ళి, పట్టుబట్టి వేయించాడు. అదీ ఒక పట్టాన జరగలేదు, వేరే సింగిల్స్ వేసి, అవి పోయాక టైమ్ ఆఫ్ ద సీజన్ వేశారు, 1969లో 3వ స్థానానికి వెళ్ళింది. పాట ఊరంతా మోగుతోంది, వాయించినవాళ్ళు తలో పనిలో ఉన్నారు. ఆ సందులో అమెరికాలో దొంగ జాంబీస్ బయల్దేరారు, పేరు వాడుకుని షోలు చేశారు. అలా టెక్సాస్ నుంచి తిరిగిన ఒక గుంపులో ఉన్న ఇద్దరు తర్వాత జీజీ టాప్ అనే రాక్ బ్యాండ్‌లో పెద్దవాళ్ళయ్యారు.

మీరు మెలోడీ పార్టీ అన్నారు కాబట్టి అడుగుతున్నా, మీకూ ఇలాంటి గొడవలు ఉంటాయి కదా? మా దగ్గర ఒక ఆర్కెస్ట్రాలో పాడేవాడికి ఒక రేటు, వెనక వాయించేవాళ్ళకి అందులో పావు. నేను అందులోంచి బయటికొచ్చేశాను. గ్రండీ, అట్కిన్సన్ గురించి చదివినప్పుడల్లా నాకు కడుపులో కలుక్కుమంటుంది.

కీబోర్డు కుర్రాడు, బరంపురం

అందరికీ చాలా థాంక్స్, ఇంతమంది ఉంటారనుకోలేదు. పెద్దాయనా, మీరు చెప్పగానే ఖరహరప్రియ వాయించి చూశాను, అక్షరాలా అదే. ఒళ్ళు జలదరించింది. మీరు బరంపురంలోనే ఉన్నారంటే ఒకసారి వచ్చి కలుస్తాను, ఆ రికార్డు ఇంకా ఉందా?

బల్లార్షా తమ్ముడూ, నీ మాట నిజమే, నేను ప్రశ్న అడిగిన తీరు తప్పు. మా పార్టీలో డబ్బు సమానమే, అందుకేనేమో తొమ్మిదేళ్ళయినా కలిసి ఉన్నాం.

కీబోర్డు సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఆల్బమ్‌లో వెనక ఫ్లూటు, వయొలిన్ల గుంపులా వినిపించేది చాలాచోట్ల మెలోట్రాన్ అనే పాతకాలం కీబోర్డు. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద నిజం వాయిద్యం రికార్డు చేసి ఉంటుంది, మెట్టు నొక్కితే ఆ టేపు తిరుగుతుంది. ఎనిమిది సెకన్లకి టేపు అయిపోతుంది, వేలు తీసి మళ్ళీ నొక్కాల్సిందే. జాన్ లెనన్ స్టూడియోలో వదిలేసి వెళ్ళిన మెలోట్రాన్‌నే వాడామని అర్జెంట్ చెప్పాడు. ఇవాళ నా కీబోర్డులో బటన్ నొక్కితే ఎంతసేపైనా స్ట్రింగ్స్ మోగుతూనే ఉంటాయి. అందుకే మేము ఎక్కడ ఆపాలో మర్చిపోయాం. ఆయన ఎనిమిది సెకన్లలో ఊపిరి తీసుకుంటూ వాయించాడు, వింటే ఆ సందులు తెలుస్తాయి. నిన్నటి నుంచి నేను కూడా స్ట్రింగ్స్ పట్టి ఉంచడం మానేసి ఎత్తి ఎత్తి నొక్కుతున్నాను, మా గాయని వెంటనే గుర్తుపట్టింది, ‘ఏం మార్చావు, పాడటానికి జాగా దొరికింది’ అంది.

ఇంకొకటి. బుచర్స్ టేల్ విన్నారా? క్రిస్ వైటే పాడాడు, వణికే గొంతుతో. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి వెళ్ళిన ఒక మాంసం కొట్టువాడి మాటలు. వెనక కాళ్ళతో తొక్కే గాలి ఆర్గన్ ఒక్కటే. మా తాత పద్య నాటకాలకి కాలి హార్మోనియం వాయించేవారు, తిత్తుల్లో గాలి తగ్గుతున్నప్పుడు స్వరం కొంచెం మూలిగినట్టు అవుతుంది, సరిగ్గా ఆ మూలుగు ఈ పాటలో ఉంది. అది విని మా అమ్మని పిలిచి హెడ్‌ఫోన్ పెట్టాను. ఇంగ్లీషు ముక్క రాదు ఆవిడకి. ‘మా నాన్న పెట్టెలా ఉందిరా’ అని కళ్ళు తుడుచుకుంది.

ఆల్టో అక్క, పర్లాకిమిడి

మీ అమ్మగారి మాట చదివి నాకూ కళ్ళు తడిసాయి తమ్ముడూ. దిస్ విల్ బి అవర్ ఇయర్ కూడా వినిపించండి ఆవిడకి, చాలా చిన్న పాట, కష్టాలన్నీ అయ్యాక ఇద్దరు మనుషులు ఈ ఏడాది మనదే అనుకునే పాట. అందులో వచ్చే బాకాలు మోనో (అన్ని వాయిద్యాలూ ఒకే స్పీకరు వరసలో కలిపే) మిక్స్ చేసేటప్పుడు నేరుగా దాని మీదే కలిపేశారట, అందుకని ఈ ఒక్కటీ మోనోలోనే వెతికి వినండి.

పాత రేడియో, బరంపురం

రికార్డు ఉంది బాబూ, అంచు కొంచెం విరిగింది, మొదటి పది సెకన్లు పోయాయి, అంటే ఆ బేసూ డ్రమ్మూ మొదలయ్యేదే లేదు. మిగతా పాట బాగానే మోగుతుంది. ప్లేయర్ బాగుచేసేవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో దొరకడం లేదు, నీకు తెలిసినవాళ్ళుంటే తీసుకురా. ఆదివారం పొద్దున అయితే ఇంట్లోనే ఉంటాను. కీబోర్డు తెచ్చుకో, ఆ పోయిన పది సెకన్లు నువ్వు వాయిద్దువుగాని.