లేని మైదానాన్ని చూడటానికి అంత దూరం వెళ్లాలా?

నల్లగొండ బాటసారి

గత ఆదివారం మా అమ్మాయిని తీసుకుని సాగర్ దాటి అనుపు వెళ్లాను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, క్రీ.శ. 3–4 శతాబ్దాల్లో, జనం చుట్టూ కూర్చుని చూడటానికి కట్టుకున్న ప్రాంగణం అక్కడ ఉంది. నాలుగు వైపులా మెట్లు, నడుమ పల్లంలో బరి. ఆనకట్ట నీళ్లు లోయను ముంచేలోపు, 1954 నుంచి 1960 వరకు జరిపిన తవ్వకాల్లో బయటపడింది. అసలు చోటు ఇప్పుడు జలాశయం అడుగున ఉంది. కట్టడాన్ని మాత్రం ఒడ్డున మళ్లీ నిలిపారు.

పాత ఆటస్థలాలంటే నాకు ప్రాణం. ఏ ఊరికి వెళ్లినా గుడీ కోటా చూశాక, ఇక్కడ ఇదివరకు ఆటలు ఎక్కడ ఆడేవారని అడుగుతాను. ఇప్పుడు మలక్‌పేటలో జరిగే గుర్రప్పందేలు 1886కు ముందు మౌలాలిలో జరిగేవని చదివి, ఒక పూటంతా మౌలాలి వీధుల్లో తిరిగాను. ఇళ్లు, దుకాణాలు తప్ప కంటికి కనిపించేది ఏమీ లేదు. అయినా ఆ పూట నాకు నిండుగానే గడిచింది.

అనుపు మెట్ల మీద కూర్చున్నప్పుడు మా అమ్మాయి అడిగింది: "నాన్నా, చోటేమో నీళ్లలో ఉంది, రాళ్లేమో ఇక్కడ ఉన్నాయి. మనం ఏది చూసినట్టు?" నాకు జవాబు తోచలేదు. కనుమరుగైన ఆటస్థలాలను, వేరే పనికి మారిపోయినవాటిని వెతుక్కుంటూ వెళ్లడంలో అర్థముందని నేను నమ్ముతాను. మీరు ఏమంటారు?

మిర్యాలగూడ వ్యాయామ ఉపాధ్యాయుడు

లేదని అంటాను. కోపంతో కాదు, బాధతో అంటున్నాను.

నేను పనిచేసిన ఒక పాఠశాల మైదానంలో సగం గదుల నిర్మాణానికి పోయింది. మిగిలిన సగంలో ఎవరో ఒకరు ఇసుక కుప్పలు పోస్తారు. లాంగ్ జంప్ నేర్పడానికి గుంత తవ్వుకోవాలంటే పదిమందిని బతిమాలాలి. కళ్లముందు మైదానాలు పోతుంటే, పదిహేడు వందల ఏళ్ల కిందట పోయినదాన్ని చూడటానికి పెట్రోలు పోసుకుని వెళ్లడం నా మనసుకు ఎక్కదు.

ఇంకొక మాట. అనుపులోది క్రీడాప్రాంగణమని ఎవరు తేల్చారు? నాట్యానికో, సంగీతానికో కట్టుకున్న రంగస్థలం కావచ్చు కదా! మెట్లు కనిపించగానే స్టేడియం అనేస్తే ఎలా?

పాలమూరు చరిత్ర అధ్యాపకురాలు

సార్, మీ మైదానం గురించి చెప్పినది చదివి మనసు కలుక్కుమంది. కానీ రెండో మాటకు జవాబు చెప్పాలి.

నాటకం ఆడేవారికి ఒక ముఖం, ఒక వీపు ఉంటాయి. చూసేవారు ముందుండాలి, వేషం కట్టేవారికి వెనక చాటు కావాలి. ఇక్కడ నాలుగు వైపులా మెట్లే. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా కనిపించేది పోటీయే: కుస్తీ కావచ్చు, మరో పట్టు కావచ్చు. నడుమ ఉన్న బరి దాదాపు 16 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. నేటి పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు. చుట్టూ నిలబడటానికి చోటు వదిలి, సరిగ్గా అందులో ఇమిడిపోతుంది. ఇక్ష్వాకులు కబడ్డీ ఆడారని అనడం లేదు. మనుషులు ఇద్దరో పదిమందో తలపడటానికి, చుట్టూ ఉన్నవారికి ముఖాలు కూడా కనబడటానికి ఎంత చోటు కావాలో వారికి తెలుసని మాత్రం అంటున్నాను. ఈ సంగతి పుస్తకంలో చదివితే నాకు తట్టలేదు. అక్కడికి వెళ్లి అడుగులతో కొలిస్తే తట్టింది. వెళ్లడం ఎందుకంటే ఇందుకే.

మిర్యాలగూడ వ్యాయామ ఉపాధ్యాయుడు

మేడం, ఇమిడిందని రుజువైనట్టు కాదు. బతుకమ్మ ఆడేటప్పుడూ చుట్టూరా నిలబడే చూస్తాం. వలయంగా ఆడే నాట్యానికి ముఖమూ లేదు, వీపూ లేదు. కొలత విషయంలో మాత్రం మీరు చెప్పినది నన్ను ఆలోచనలో పడేసింది. ఒప్పుకుంటున్నాను.

దేవరకొండ క్రికెట్ అభిమాని

మీరిద్దరూ నీళ్లలో మునిగినదాని గురించి వాదించుకుంటున్నారు. నేను నేలమీదే ఉండి మారిపోయినదాని గురించి చెబుతాను.

1999 నవంబరు 8. తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియానికి వెళ్లాం. న్యూజీలాండ్‌తో వన్డే. సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్‌తో కలిసి 331 పరుగుల భాగస్వామ్యం. రెండు వికెట్లకు 376. గొంతు పోయి, మూడు రోజులు ఇంట్లో సైగలతో మాట్లాడాను. 2005లో ఉప్పల్‌లో కొత్త స్టేడియం వచ్చాక పెద్ద మ్యాచ్‌లు అటు వెళ్లిపోయాయి.

2023 డిసెంబరు 7న మళ్లీ అక్కడ అడుగుపెట్టాను. ఈసారి ముఖ్యమంత్రి ప్రమాణస్వీకారానికి. వంగూరు మండలం మనిషి ముఖ్యమంత్రి అవుతున్నాడని మా వైపు నుంచి బండ్లు కట్టుకుని వెళ్లారు. అందరూ వేదిక వైపు చూస్తుంటే, నేను మాత్రం ఆనాడు కూర్చున్న చోటు ఎక్కడా అని వెతుక్కున్నాను. కుర్చీల మధ్య, జెండాల మధ్య పిచ్ ఎటువైపు ఉండేదో గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. గుర్తుపట్టాక కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయితే ఆ చోటు మొదటి నుంచీ ఆటలదేనా? 1687లో గోల్కొండను ముట్టడించినప్పుడు ఔరంగజేబు సైన్యం విడిది చేసిన నేల అది. ఫతే మైదాన్ అన్న పేరు ఆ గెలుపుదే. తరువాత పోలో ఆడారు. 1955లో అక్కడ తొలి టెస్టు జరిగింది, ఉమ్రీగర్ 223 కొట్టాడు. టెస్టుల్లో మనవాళ్లలో మొదటి డబుల్ సెంచరీ అదే. గుడారాలు, గుర్రాలు, వికెట్లు, ఇప్పుడు సభలు. అది చనిపోయిందని ఎలా అనగలం? రాళ్లు తరలించిన అనుపు కంటే, రాళ్లు మారినా కదలని ఈ నేలే నాకు అసలైనది.

కొల్లాపూర్ ముంపు వాసి

ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. ఇక ఉండబట్టలేదు.

మాది శ్రీశైలం ముంపు గ్రామం. 1981లో ఖాళీ చేయించినప్పుడు నాకు పదకొండేళ్లు. ఊరి బయట చింతచెట్టు పక్కన చెడుగుడు బరి ఉండేది. మా నాన్న, చిన్నాన్నలు అక్కడే ఆడారు. పక్కనే ఎర్రమట్టి పోసి, నూనె కలిపి మెత్తగా చేసిన కుస్తీ గోదా. పీర్ల పండుగకు నాలుగు ఊళ్ల పహిల్వాన్లు వచ్చేవారు.

మునిగేముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలిపారు. మంచి పని చేశారు. దేవుడికి కొత్త చోటు దొరికింది. మాకు కాలనీలో ప్లాటు దొరికింది. బరికి మాత్రం ఎక్కడా చోటు దొరకలేదు. అనుపులో ఆటల మెట్లను మోసుకొచ్చి నిలిపారని ఈ చర్చలో చదివి, రాత్రి నిద్రపట్టలేదు. అంటే ఎవరికో ఒకరికి ఆ ఆలోచన వచ్చిందన్నమాట!

ఎండాకాలంలో నీళ్లు బాగా దిగితే మా ఊరి గోడల పునాదులు తేలతాయి. కారుల్లో వచ్చి ఫోటోలు తీసుకుని పోయేవారిని చూశాను. వారికి అది రాళ్ల గుట్ట. పక్కన నిలబడి "ఇది గోదా, ఇది మా వాకిలి" అని చెప్పే మనిషి లేకుండా చూస్తే ఏమి కనిపిస్తుంది? వెతకడం తప్పని నేను అనను. ఊరివాళ్లను వెంటబెట్టుకుని రండి. చెప్పగలిగిన ముసలివాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

మిర్యాలగూడ వ్యాయామ ఉపాధ్యాయుడు

అన్నా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. పోయిన మైదానం గురించి అడిగేవారు లేకపోతే, ఉన్నది పోయేటప్పుడూ ఎవరూ అడగరని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. అనుపు విషయంలో నా అనుమానం అలాగే ఉంది. మీ ఊరికి మాత్రం వస్తాను.

నల్లగొండ బాటసారి

కొల్లాపూర్ అన్నా, మీ మాటలు మా అమ్మాయికి చదివి వినిపించాను. "అక్కడ రాళ్లు కూడా లేవు, మనిషి ఉన్నాడు కదా నాన్నా" అంది. నేను మౌలాలిలో ఒక్క ముసలాయనతోనూ మాట్లాడకుండా తిరిగి వచ్చానని ఇప్పుడు గుర్తొస్తోంది. మళ్లీ వెళ్లాలి. మేము ఎప్పుడు రావచ్చో చెప్పండి.

కొల్లాపూర్ ముంపు వాసి

మే నెల రెండో వారం తరువాత రండి. అదీ ఆ ఏడు నీళ్లు దిగితేనే, ముందు నాకు ఫోను చేసి బయలుదేరండి. ఒండ్రు పైకి ఎండి పగుళ్లిచ్చినట్టు ఉంటుంది గానీ కింద మెత్తగా ఉండి కాలు మోకాలిదాకా దిగుతుంది. పిల్లలను ముందు నడవనివ్వకండి. మా చిన్నాన్నకు ఎనభై దాటాయి. నడవలేరు, ట్రాక్టరు మీద తీసుకొస్తాను. చింతచెట్టు మొదలు ఎక్కడ ఉండేదో ఆయన చూపిస్తే, బరి గీతలు అక్కడి నుంచి లెక్కపెట్టవచ్చు.

మిర్యాలగూడ వ్యాయామ ఉపాధ్యాయుడు

టేపు, సున్నం సంచి నేను తెస్తాను. మా బడి పిల్లలు పద్నాలుగు మంది వస్తారు, రెండు జట్లకు సరిపోతారు. మొదటి కూత చిన్నాన్నగారే పెట్టాలి.