అప్‌డేట్: మిద్దె తోట మిరపకాయలు, టమాటాలు ఏమయ్యాయంటే

మే మొదట్లో మీ అందరినీ అడిగాను. బెంగళూరులో మా మిద్దె మీద నాలుగు కిలోల టమాటాలు, రెండు కిలోల మిరపకాయలు ఒకేసారి కోతకొచ్చాయి, రోజూ సాయంత్రం వాన, ఎలా నిలవ చేయాలని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

చల్ల మిరపకాయలు చాలా బాగా కుదిరాయి. కాయలకు గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో మూడు రాత్రులు నానబెట్టాను, పగలు తీసి ఎండలో పరిచాను. మజ్జిగంతా పీల్చుకున్నాక ఇక ఎండబెట్టడమే. ఐదో రోజు నేను ఆఫీసులో ఉండగా మూడింటికే మబ్బు పట్టింది. కింది ఇంటి ఆంటీ పరుగెత్తుకెళ్లి చాప మొత్తం లోపలికి తెచ్చారు. ఆవిడ లేకపోతే అన్నీ పోయేవి! వాన రోజుల్లో ఫ్యాన్ కింద పల్చగా ఆరబెట్టాను. గలగలలాడడానికి 9 రోజులు పట్టింది. అంతకుముందే డబ్బాలో పెట్టకండి, లోపల తడి ఉంటే బూజు పడుతుంది.

టమాటాల్లో సగం పోయాయి. ఉప్పులో ఊరిన ముక్కలకు ఎండ దొరక్క బూజు వచ్చింది, పారేశాను. మనసు చివుక్కుమంది. మిగతావి ఎండతో పని లేకుండా చేశాను: తడి తుడిచి, కోసి, నీరంతా ఇగిరేదాకా మగ్గించి, చింతపండు, కారం, ఉప్పు, మెంతిపిండి వేసి నువ్వుల నూనెతో పోపు పెట్టాను. ఫ్రిజ్‌లో ఉంచాను, మూడు వారాలైనా రుచి మారలేదు.

విత్తనానికి రెండు మిరపకాయలు చెట్టునే పండనిచ్చాను. నిన్ననే కోశాను, ఎర్రగా ఉన్నాయి.