టీటో పుయెంటే 'డాన్స్ మేనియా' వింటున్నా, సమం ఎక్కడుందో దొరకడం లేదు

నాగావళి_గట్టు (రాయగడ):

అందరికీ నమస్తే. చిన్నప్పుడు కొన్నాళ్లు మృదంగం నేర్చుకుని వదిలేసినవాణ్ణి, పాటల పిచ్చి మాత్రం వదల్లేదు. మా ఆఫీసులో ఒడియా ఫ్రెండ్ ఒకతను జాజ్ బాగా వింటాడు, అతను పంపాడు ఈ ఆల్బమ్, టీటో పుయెంటే అనే న్యూయార్క్ బ్యాండు నాయకుడిది. 1958లో వచ్చింది, అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరచాల్సిన రికార్డింగులని 2002లో మొదటి జాబితా వేసినప్పుడే దీన్ని చేర్చారు. అంత పేరున్నది నాకెందుకు ఎక్కడం లేదన్నదే గొడవ. ఊపు ఉంది, కాదనను, కాలు దానంతటదే ఆడుతుంది. కానీ ఒక పాటకీ ఇంకో పాటకీ తేడా తెలీడం లేదు, ట్రంపెట్లు ఒక్కసారిగా మీద పడతాయి, వెనక ఎవరో కేక వేస్తారు, మళ్లీ అదే వాయింపు. పోనీ తాళం వేద్దామని కూర్చుంటే రెండు ఆవర్తాలు (తాళం చుట్లు) తిరక్కుండానే చెయ్యి తప్పుతోంది, సమం, అంటే చుట్టు మొదలయ్యే చోటు, అనుకున్నచోట ఏదీ పడదు, కాస్త ముందు పడుతుంది.

ఇంకో అనుమానం. దీన్ని ఒకరు సల్సా అంటారు, ఒకరు మాంబో అంటారు, ఒకరు లాటిన్ జాజ్ అంటారు. ఏదండీ బాబూ ఇది? స్పానిష్ రాకపోతే సగం పోయినట్టేనా?

మహేంద్రగిరి_నీడ (పర్లాకిమిడి):

తమ్ముడూ, మృదంగం చేతిలో పట్టుకున్నవాడివి కాబట్టి నీకిది తేలిక. మామూలుగా ఆదితాళం వెయ్యి. ఎనిమిది అక్షరాలు (దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు), అక్షరానికి రెండు మాత్రల లెక్కన పదహారు. నోటితో "తకిట తకిట తకధిమి తక తకధిమి" అను. ఒక్కో ముక్కలో మొదటి త దగ్గర మాత్రమే దెబ్బ, మొత్తం అయిదు దెబ్బలు. క్యూబా సంగీతానికి వెన్నెముక ఇదే, క్లావే అంటారు, రెండు గుండ్రటి కర్రముక్కలు ఒకదానికొకటి తగిలించి వాయిస్తారు. నీ చేతి మీద చూసుకుంటే మొదటి దెబ్బ ఎత్తుగడ మీదే, రెండోది చిటికెన వేలికీ ఉంగరం వేలికీ మధ్య సందులో, మూడోది మధ్యవేలి మీద, నాలుగోది మొదటి విసురు మీద, అయిదోది దాని తరవాతి దెబ్బ మీద. సందులో పడేది ఆ రెండోది ఒక్కటే, పాటంతా ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నట్టుండేది దానివల్లే. చాలా పాటల్లో ఈ సగాలు తారుమారుగా ఉంటాయి, అంటే రెండు దెబ్బలు ముందు, మూడు వెనక. ఎలా ఎత్తుకున్నా ఒకసారి మొదలయ్యాక ఆ వరస ఆగదు. తమాషా ఏంటంటే చాలాచోట్ల ఆ కర్రల చప్పుడే వినపడదు. వాయించేవాళ్లందరూ దాన్ని మనసులో ఉంచుకుని ఎవరి పని వాళ్లు చేస్తుంటారు.

ఇక నీ సమం. అది బాస్ (లోతైన శబ్దమిచ్చే పెద్ద తీగ వాయిద్యం) చేసే పని. మనకి సమం మీద వచ్చి పడితేనే తృప్తి. అక్కడ బాస్ వాయించేవాడు రాబోయే స్వరాన్ని మధ్యవేలి మీదే ఒకసారి, చివరి విసురు మీద ఇంకోసారి మీటేసి, అలా సాగనిచ్చేస్తాడు. కాబట్టి "ఒకటి" అనేచోట ఖాళీ. నువ్వు వేసే తాళం సరైనదే, అక్కడ ఏమీ పడదు, అంతే. బాస్‌ని పట్టుకుని తాళం వెయ్యకు. ముందు పియానోని పట్టుకో, లేదా పక్కన ఎవరైనా ఉంటే వాళ్లని ఆ అయిదు దెబ్బలూ చప్పట్లు కొట్టమని నువ్వు తాళం వెయ్యి. మా పిల్లలతో అలాగే చేయిస్తాను, మొదటి రోజు నవ్వులతోనే సరిపోతుంది.

బరంపురం_బ్యాండు:

పైన అన్న తాళం సంగతి చెప్పేశారు, నేను ఊదేవాళ్ల సంగతి చెప్తా. బరంపురంలో పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. సార్, ముందు మీరు ఫోను స్పీకర్లో వింటుంటే అది మానెయ్యండి. దాంట్లో బాస్ రాదు, కాంగాల (చేత్తో వాయించే పొడుగాటి డ్రమ్ముల) మోత రాదు, ఇక మిగిలేది మా ట్రంపెట్ల గోలే, మీద పడినట్టు ఉండక ఏం చేస్తుంది. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కోసారి ఒక్కో వాయిద్యం వెనకాలే వెళ్లండి.

ఆల్బమ్‌లో మొదటిదైన ఎల్ కయూకోతోనే మొదలుపెట్టండి, మరీ పరుగు ఉండదు. అందులో పుయెంటే వాయించే టింబాలీస్ మీద చెవి పెట్టండి. రేకు డొల్లలున్న జంట డ్రమ్ములు అవి. ఈ రకం పాటల్లో గాయకుడు పాడుతున్నంతసేపూ సాధారణంగా డ్రమ్ము పక్కల మీద కర్రతో సన్నగా కొడతారు, ఊపు పెరిగే భాగం రాగానే చెయ్యి గంట మీదకి పోతుంది. ఆ గంట మొదలైన చోటు పట్టుకున్నారంటే పాట ఎక్కడుందో మీకు తెలిసిపోయినట్టే. ఆ ఊపు పెరిగే భాగాన్నే మోంతూనో అంటారు, పియానో ఒకే వరసని తిప్పి తిప్పి కొడుతుంటుంది, జముకుల కథలో వంతలు అందుకున్నట్టు గాయకుడు ఒక మాట విసిరితే కోరస్ అందుకుంటుంది, ఆ మీద శాక్సఫోన్లు ఒక ముక్క, వాటి నెత్తిన ట్రంపెట్లు ఇంకో ముక్క. మీకు గోలలా వినపడేది ఈ దొంతరే. ఒక్కో పొర విడిగా చిన్నదే, ఎవరైనా వాయించేస్తారు, అన్నీ కలిపి సందుల్లో ఇరికించడంలోనే ఉంది మొనగాడితనం. పుయెంటే ఊరికే డ్రమ్ము కొట్టేవాడు కాదు, రెండో ప్రపంచ యుద్ధం టైములో నేవీలో పనిచేసి వచ్చి న్యూయార్క్‌లో జూలియార్డ్ సంగీత కళాశాలలో చదువుకున్నాడు, ఎవరు ఏం ఊదాలో రాసిచ్చేవాడు. కాంగాలు వాయించిన రే బారెత్తో తరవాత తనే పెద్ద బ్యాండు నడిపాడు. పాడింది సాంతోస్ కొలోన్.

ఇంకోటి, టింబాలీస్‌ని బ్యాండు వెనక నుంచి ముందుకి తెచ్చి నిలబడి వాయించడం ఆయనతోనే పేరుకొచ్చింది. ఈ మాట మా డ్రమ్మువాడికి చెప్పాను. అప్పట్నించీ ఊరేగింపులో ముందుకొచ్చి నిలబడుతున్నాడు, మా ఓనరుకి బీపీ.

వంశధార_రాళ్లు (గుణుపురం):

అందరూ పుయెంటేనే పట్టుకున్నారు, నా ఓటు వేరే. లాటిన్ జాజ్ కావాలంటే పియానో వాయించే ఎడ్డీ పాల్మియేరీది 'ది సన్ ఆఫ్ లాటిన్ మ్యూజిక్' వినండి, 1974. గ్రామీ వాళ్లు లాటిన్ రికార్డులకని విడిగా అవార్డు పెట్టినప్పుడు మొదటిది దానికే వచ్చింది. పాడిన లాలో రోడ్రిగెస్‌కి అప్పటికి ఇంకా ఇరవై కూడా లేవు. అందులో ఉన్ దియా బోనీతో అని పావుగంటకి దగ్గరగా ఉండే పాట ఉంది, అసలు పాటలోకి రావడానికే ఆయన పియానోతో ఎక్కడెక్కడో తిరిగి వస్తాడు, వచ్చాక మాత్రం వదలడు. డాన్స్ మేనియాలో పాటలు మూడు నిమిషాలు అటూ ఇటూ, సోలో మొదలైందనుకునేలోపే అయిపోతుంది. అది డాన్సు హాలు సరుకు, దాన్ని జాజ్ అనడం నాకు మింగుడుపడదు.

పేర్ల గొడవంటారా, 1958లో వాళ్లు దీన్ని మాంబో అనే అన్నారు. సల్సా అనే బోర్డు 1970ల్లో గట్టిగా తగిలించింది న్యూయార్క్‌లోని ఫానియా రికార్డుల కంపెనీ, అది పుట్టిందే 1964లో. క్యూబా వరసలు, న్యూయార్క్‌లో ఉన్న ప్యూర్టోరికో వాళ్లు, జాజ్ బ్యాండ్ల ఊదుడు, ఈ మూడూ మాంబోలోనూ సల్సాలోనూ ఉన్నాయి. పుయెంటే కూడా న్యూయార్క్‌లో పుట్టిన ప్యూర్టోరికో వాళ్ల అబ్బాయే.

మహేంద్రగిరి_నీడ:

డాన్సు హాలు సరుకైతే ఏం తమ్ముడూ, తక్కువా? వీళ్లు వాయించిన న్యూయార్క్ పల్లాడియం డాన్సు హాల్లో అడుగు తప్పితే డాన్సు చేసేవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు, అందుకే ఒక్క దెబ్బ కూడా వృథాగా ఉండదు. మూడు నిమిషాల్లో అంత ఇమడ్చడం పావుగంట వాయించడం కన్నా కష్టం, కచేరీలో చిన్న కీర్తన పాడినవాణ్ణి అడుగు. పాల్మియేరీ మహానుభావుడే, కాదనేవాడెవడు, కానీ సమం దొరకనివాడికి ముందే అది ఇస్తే పారిపోతాడు.

నాగావళి_గట్టు:

తకిట తకిట అనుకుంటూ అదే ఆల్బమ్‌లోని 3-డి మాంబో వేశాను అన్నా, మధ్యవేలి మీద బాస్ పడటం నిజంగా వినపడింది, ఆపి మళ్లీ వేశాను, మా ఆవిడ తలుపు వేసుకుంది. పాటలు వేరువేరుగా కూడా వినపడుతున్నాయి ఇప్పుడు. ఎస్తోయ్ సియెంప్రే అని మొదలయ్యేది మరీ నెమ్మది, అది బాగా నచ్చింది. హాంకాంగ్ మాంబోలో చెక్కపలకల మీద కొడుతున్నట్టు వస్తుంది కదా, అదేంటి?

బరంపురం_బ్యాండు:

అది మరింబా సార్, చెక్కపలకలే. స్పానిష్ గురించి అడిగారు కదా, మీరిప్పుడు చెప్పిన 3-డి మాంబో, హాంకాంగ్ మాంబోల్లో, ఇంకా వార్సిటీ డ్రాగ్‌లో అసలు గాయకుడి పాటే లేదు, ముందు అవి వినండి, భాష గొడవ ఉండదు. ఇంతకీ 3-డి మాంబోలో ట్రంపెట్ల భాగానికి నొటేషన్ ఎవరి దగ్గరైనా ఉందా? మా బ్యాండులో స్టాఫ్ నొటేషన్ చదవగలిగేవాళ్లు తక్కువ, మిగతావాళ్లకి నేను సరిగమల్లో రాసిస్తాను. ముహూర్తాలు మొదలయ్యేలోపు ఒక్క మొదటి ముక్కయినా ఎక్కించాలని ఉంది.